నాలుగించుల పిల్లికంత

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువునైనా చెప్పిన ధరకే కొనుక్కొస్తే దాన్ని అమాయకత్వం అనేవాళ్ళు కాదు, రోగం అనేవాళ్ళు. కర్నూలు పాత బజారులో బియ్యం, బేడల (పప్పుల) అంగడి మాది. అంగడి వెనకే ఇల్లు, ఇంటి పక్కన సందులోకి తలుపున్న గోడౌను. నాకు ముందు మాటలొచ్చాయో, బేరం వచ్చిందో మా అమ్మకు కూడా సరిగా గుర్తులేదు. పదేళ్ళకే చీరల అంగట్లో అమ్మ పక్కన కూర్చుని, చీర విప్పకముందే పెదవి విరిచేదాన్ని. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి చుట్టుపక్కల వాళ్ళు మురుకుల గొట్టాన్ని ఎరువు తీసుకుపోయినట్టు నన్ను తీసుకుపోయేవాళ్ళు. "ఒక్క గంట మీ బేరాల పాపను పంపీయక్కా, స్టీలు సామాన్లు తీసుకోవాల" అని వచ్చేవాళ్ళు. నేను పోయేదాన్ని, గెలిచి వచ్చేదాన్ని. అంత గొప్ప మనిషిని. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్తాను. తర్వాత నవ్వు కాస్త తగ్గుతుంది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఊళ్ళో చెక్క తలుపులన్నీ పోయి ప్లాస్టిక్ తలుపులు వస్తున్న కాలం. మా గోడౌను చెక్క తలుపును అడుగు నుంచి చెదలు తినేసి, కింద మూల ఒక పలక ఊడిపోయింది. ఆ సందులోంచే మా పిల్లి లోపలికి, బయటికి తిరిగేది. దాన్ని మా నాయన 'గుమాస్తా' అనేవాడు. పొద్దున అంగడి తెరిచే వేళకు వచ్చి మెట్టు మీద కూర్చునేది, మా జేజి (నాయన తల్లి) పోసిన పాలు తాగి డ్యూటీకి పోయేది. బస్తాల మధ్య ఎలుకన్నది లేదంటే అది దాని పుణ్యమే. "జీతం పెంచమనదు, సెలవు అడగదు. ఇట్లాంటి గుమాస్తా యాడ దొరుకుతాది?" అని నాయన మురిసిపోయేవాడు. ఆ ఎండాకాలం మొదట్లో అది గోడౌనులో కందిబేడల బస్తాల వెనక మూడు పిల్లల్ని పెట్టింది. కళ్ళు తెరిచీ తెరవని పిల్లలు. జేజి రోజుకు నాలుగుసార్లు పోయి తొంగిచూసి, బాలింతకు పెట్టినట్టు దానికి రెండు పూటలా నెయ్యి కలిపిన అన్నం పెట్టేది. (మా ఇంట్లో కోడళ్ళకు కూడా అంత నెయ్యి పడలేదని అమ్మ గొణిగేది.)

సరిగ్గా అప్పుడే చెక్క తలుపు బందు ఊడి నాయన కాలి మీద పడింది. కల్లూరులో ప్లాస్టిక్ తలుపులు చేసే భాయి ఒకాయన ఉన్నాడని తెలిసి షేరాటో ఎక్కి నేనే పోయాను. తలుపు బేరం గురించి ఎక్కువ చెప్పను. ఆయన నీళ్ళు తాగించాడు, టీ తాగించాడు, చివరికి తల పట్టుకుని "నువ్వు మా ఇంట్లో పుట్టింటే నాకు మూడు మిద్దెలు ఉండు పాపా" అన్నాడు. అది మా వీధిలో నెలరోజులు చెప్పుకోదగ్గ విజయం. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

తలుపు బిగించడానికి ఆయన వచ్చింది మేము ఒంటిమిట్టకు బయల్దేరే రోజు పొద్దున. జేజికి ఎప్పటిదో మొక్కు ఉండింది. మూడు రోజులు అంగడి మూసి, ఇంటిల్లిపాదీ కోదండరాముడి దగ్గరికి పోతున్నాం. అమ్మ పులిహోర కడుతోంది, నాయన బస్సు టైము కోసం గోడ గడియారాన్నీ చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. తలుపు నిలబెట్టాక చూస్తే నీళ్ళకు కూడా సందు లేకుండా కూర్చుంది. అప్పుడు జేజి అరిచింది, "ఒరే, గుమాస్తా యాడనుంచి పోతాదిరా లోపలికి?"

నిజమే. పై కిటికీకి ఎప్పుడో ఇనుపవల కొట్టించి ఉన్నాం. ఇక తలుపుకు కంత పెట్టాల్సిందే. భాయి చెవి మీది పెన్సిలు తీసి, కింది భాగంలో నేలకు బెత్తెడెత్తున గీత గీశాడు.

"ఆరించులు కోస్తా పాపా. పైనుంచి చిన్న రెక్క యాలాడదీస్తా. తోసుకుని పోతాది, తోసుకుని వస్తాది."

"ఆరా! పిల్లికా, మేకకా?" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఎవరైనా ఒక అంకె చెప్తే దాన్ని కిందికి లాగడం నా నాలుకకు అలవాటు, అంతే. "మూడు చాల్దా?"

"మూడైతే ఎలకలు పోతాయి."

"మూడున్నర."

"అరె, దానికి మీసాలు ఉండాయా లేదా? మీసం పట్టాల గదా పాపా! సరే, ఐదన్నా కోయనీ."

"భాయీ, ఆఖరి మాట. నాలుగు."

ఆయన నా వైపు చూశాడు, మా నాయన వైపు చూశాడు. నాయన ముఖంలో బిడ్డను చూసుకున్న గర్వం తప్ప ఇంకేం లేదు. "నీ తలుపు, నీ పిల్లి. నాలుగే కోస్తా" అని రంపం అందుకున్నాడు. ఆ నిమిషం నాకు కలిగిన సంతోషం చెప్పలేను. రెండించులు మిగిలాయి! ఎక్కడ మిగిలాయి, ఎవరికి మిగిలాయి, ఏం చేసుకుంటామన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. పుట్టుకతో అంగడి మనుషులం. అంకె తగ్గితే చాలు, లాభమే అనుకుంటాం.

ప్లాస్టిక్ తలుపు కోస్తే లోపల తేనెపట్టులా అన్నీ డొల్ల గదులు. అంచులు బ్లేడులా ఉంటాయి, పిల్లి ఒళ్ళు చీరుకుంటుందని భాయి చుట్టూ ప్లాస్టిక్ పట్టీ వేశాడు. అటు పావు, ఇటు పావు పట్టీ మింగేసింది. అంటే నేనడిగిన మూడున్నరే నాకు దక్కింది. (జీవితంలో అంత సంపూర్ణంగా గెలిచిన బేరం మరొకటి లేదు.)

సామాను సర్దుకుంటూ ఆయన, "పిల్లిని పిలిచి ఒక తడవ దూర్చి సూడు పాపా" అన్నాడు. పిల్లి ఆ రంపం చప్పుడుకు ఎటో పోయింది. అమ్మ ఆటో పిలిచేసింది. నేను గోడౌనుకు తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని పరుగెత్తాను. బస్టాండులో నాయన అడిగాడు.

"గుమాస్తా దూరిందా లోపలికి?"

"దూరింది నాయనా."

"సూసినావా?"

"సూసినా. రెక్క తోసుకుని జామ్మని పోయింది."

చూడలేదు. కానీ మా అంగట్లో ఎవరైనా "ఇవి పాతబియ్యమేనా?" అని అడిగితే బస్తా విప్పి చూసి చెప్తామా? "పక్కా పాతవి, అన్నం పువ్వులా వస్తుంది" అంటాం. ఆ నోరే ఇది. అడిగినవాడు సంతోషంగా సరుకు తీసుకుని పోవాలి. నాయన సంతోషంగా బస్సెక్కాడు.

ఒంటిమిట్టలో దర్శనం బాగా జరిగింది. జేజి మొక్కు తీరింది. నేను కడప సంతలో గాజులకు, చెనిక్కాయలకు బేరాలాడాను. గోడౌను తాళంచెవి మూడు రోజులూ నా సంచిలో ఉండి మాతోపాటే తీర్థం తీసుకుంది. ఆ మూడు రోజులు కర్నూల్లో బయట నిలబడితే చెప్పుల్లోంచి వేడి తగిలేంత ఎండ.

మూడో రోజు మధ్యాహ్నం ఆటో దిగి సందులోకి వచ్చేసరికి గుమాస్తా గోడౌను గడప ముందు పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర ఒక పిల్ల. నాయన నవ్వాడు. "సూడమ్మా, సంసారం బైటికి మార్చింది. కొత్త ఇల్లు నచ్చలేదేమో మహారాణికి." అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వబోయాను. కానీ నేను లెక్కపెట్టే మనిషిని కదా. ఒకటి. మిగతావి?

ఎదుట బొరుగుల అంగడి మామ బయటికి వచ్చాడు. "ఏమప్పా, ఇప్పుడొచ్చినారా? మీ పిల్లికి ఏం రోగమో, రెండు దినాలు ఒకటే అరుపు. తలుపును గీకి గీకి సంపింది. నేను నీళ్ళు గుడక పెడితి, తాగలే. తాళం పగలగొడదామంటే నీ అంగడి, నాకేల అనుకుంటి."

దగ్గరికి పోయి చూశాను. కంతకున్న రెక్క లేదు, కొరికి పీకేసింది. ప్లాస్టిక్ పట్టీ నిండా బూడిదరంగు వెంట్రుకలు, చోటుచోట ఎండిన నెత్తురు. దాని చెవుల పక్కన బొచ్చు పోయి చర్మం కనిపిస్తోంది. తల చెవుల దాకా పెట్టగలిగింది, ఆ పైన పోలేకపోయింది. ఒక్క పిల్ల ఎట్లాగో పాలవాసనకు తలుపు దాకా పాకివస్తే, కాలు లోపలికి పెట్టి గోళ్ళతో దాన్ని బయటికి లాక్కుంది.

తాళం నేనే తీశాను. నాయన వద్దన్నాడు, నేనే తీశాను. మిగతా రెండూ బస్తాల వెనక లేవు. ఒకటి దారి మధ్యలో, ఒకటి తలుపుకు మూరెడు దూరంలో. చీమలు పట్టి ఉన్నాయి. గుమాస్తా నా కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయి, రెండింటినీ నాకడం మొదలుపెట్టింది. మేము తీసేదాకా నాకుతూనే ఉంది.

జేజి ఏడవలేదు, తిట్టలేదు. గడప మీద కూర్చుని, "పిల్లిని సంపిన పాపం ఏడు జన్మలు పోదు. బంగారు పిల్లిని చేయించి గుళ్ళో ఇయ్యాల" అంది.

"మనం సంపలేదు గదమ్మా. తలుపు ఏసినాం, అంతే" అన్నాడు నాయన.

"అదే సంపడం" అంది జేజి.

మరుసటి రోజు నాయనా నేనూ బంగారం పని చేసే ఆచారి దగ్గరికి పోయాం. నన్నెందుకు తీసుకుపోయాడో చెప్పనక్కర్లేదు. బంగారం ముట్టుకుంటే కాలే రోజులు, నేను పక్కన ఉండాల్సిందే. ఆచారి ఊదుగొట్టం పక్కన పెట్టి, "ఎంతలో చేయాల శెట్టీ?" అన్నాడు.

"చిన్నది. గురిగింజంత ఉంటే చాలు."

"ఎన్ని సచ్చినాయి?"

"రెండు. కానీ పిల్లలే."

"అయితే రెండు పిల్లులు."

"రెండు పిల్లలు కలిస్తే ఒక పెద్ద పిల్లి అవుతాది గదా ఆచారీ" అని నాయన నా వైపు చూశాడు. అది మా ఇద్దరి మధ్య ఎన్నో ఏళ్ళుగా ఉన్న సైగ. ఆయన ఒక మాట వేస్తాడు, అక్కణ్ణుంచి నేను అందుకుంటాను. నా నోరు తెరుచుకుంది కూడా. ఆచారి ముక్కు మీద అద్దాలు సర్దుకుని నాకోసం ఆగాడు. నా పేరు ఆయన కూడా విని ఉంటాడు.

"రెండు చేయి మామా" అన్నాను. "నువ్వు ఎంత అనుకుంటే అంత బరువు పెట్టు."

బయటికి వచ్చి పది అడుగులు నడిచాక నేనే ఆగిపోయాను. "నాయనా, అది దూరడం నేను సూడలే. బస్సు పోతాదని సూసినా అని చెప్పినా."

ఆయన రోడ్డు మీద ఎండను చూస్తూ, "తెలుసులే" అన్నాడు. "నువ్వు 'జామ్మని' అన్నప్పుడే తెలిసింది. నేనూ సరుకు సూడకుండా అట్లనే చెప్తా. తెలిసీ బస్సెక్కినా."

గుళ్ళో అయ్యవారు సంకల్పం చెప్తూ, "ఎవరి చేతి మీద పోయినాయి?" అని అడిగాడు. నేను ముందుకు జరిగాను. నాయన నా భుజం మీద చేయి వేసి, "ఇంట్లో అందరి చేతుల మీద స్వామీ" అన్నాడు. అమ్మ, జేజి కూడా కాదనలేదు. గురిగింజలంత రెండు పిల్లులు పళ్ళెంలో పడ్డాయి, చప్పుడు కూడా రాలేదు.

భాయి మళ్ళీ వచ్చి కంత పెద్దది చేశాడు. సంగతి విని, గీత గీసేముందు నాతో నెమ్మదిగా, "పాపా, ఈసారి నువ్వు పలకొద్దు" అన్నాడు. పలకలేదు. కూలి కూడా ఆయన తీసుకోలేదు, నేను ఇస్తే వెనక్కి తోశాడు. కానీ గుమాస్తా ఆ తలుపు వైపు మళ్ళీ చూడలేదు. మిగిలిన పిల్లను మెడ పట్టుకుని సందు దాటి బొరుగుల అంగడికి పోయింది. జేజి పాలగిన్నె పట్టుకుని సందు మధ్యలో నిలబడి పిలిచేది. అది అటు మెట్టు మీద కూర్చుని జేజి వైపు చూసేది కానీ దిగేది కాదు. చివరికి జేజే రోజూ పొద్దున సందు దాటి పోయి పోసివచ్చేది. ఆ సంవత్సరం ఎలుకలు మా కందిబేడల బస్తాలు ఎన్ని తిన్నాయో నాయన ఎవరికీ చెప్పలేదు. ఎలుకల మందు పెట్టమని అంగడికి వచ్చేవాళ్ళందరూ చెప్పారు. ఆయన పెట్టలేదు.

నాకు బేరం పోలేదు. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ టమాటాలమ్మే ఆమెకు నేనంటే హడలే. కాకపోతే మనిషి ధర చెప్తే బేరమాడతాను, కొలత చెప్తే నోరు మూసుకుంటాను. దర్జీ "మూడు మీటర్లు" అంటే మూడే, వడ్రంగి "నాలుగడుగులు" అంటే నాలుగే. మా ఆయన చూసి ఆశ్చర్యపోతాడు. ఆయనకు ఈ కథ పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, మూడున్నర ఇంచుల దగ్గర నవ్వేసి ఆపేస్తాను.

ఒక్కోసారి అనుకుంటాను, ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఇప్పుడు ఏ బజారులోనో ఎదురైతే చేయి పట్టుకుని ఆపి, కడుపుమంట తీరా ఒక పది తిట్లు తిట్టాలని. కానీ అదెట్లాంటిదో నాకు తెలుసు. పెదవి విరిచి, నడుం మీద చేయి పెట్టి, "పది తిట్లా! ఏమక్కా, అన్యాయం కాదూ? రెండు పెట్టుకో" అంటుంది. నేను ఎనిమిదంటాను. అది మూడంటుంది. ఎండలో నిలబడి నిలబడి, దాని ముఖం చూసి చూసి, చివరికి నాలుగు తిట్లకు ఒప్పుకుని ఇంటికి వచ్చేస్తాను.