గుగ్గిలం పూసిన మూత

అది 1988, బర్మాలో వానాకాలం. యాంగోన్‌లో సమ్మెలు మొదలై దుకాణాలు, ఆఫీసులు, పెట్రోలు బంకులు మూతపడ్డాయి. సేక్కాన్‌లో మా తెలుగువాళ్ళ వీధి రెండు చివర్లా వెదుళ్ళతో అడ్డు కట్టి, దొంగల భయానికి మగవాళ్ళం వంతులవారీగా కాపలా కాసేవాళ్ళం. నా షెడ్డు ఆ వీధి మధ్యలో, ఒకప్పటి మా తాతగారి గోదాములో మాకు మిగిలిన చివరి ముక్కలో ఉండేది. ఆయనకు రేవులో సరుకు పడవలు, ట్వంటే దగ్గర బియ్యం మిల్లు ఉండేవి. ప్రభుత్వం వాటిని తీసుకున్నాక మా నాన్నగారు ఎవరి దగ్గరా చేయి చాచలేదు. నేనూ చాచలేదు, మెకానిక్ పని నేర్చుకున్నాను. ఇక్కడ పని తెలిసిన మెకానిక్‌ను ‘సయా’ అంటారు, అంటే గురువు. ఆ పిలుపు నాకు ఆస్తిలా దక్కలేదు, నేను సంపాదించుకున్నాను.

ఆ రోజుల్లో వీధిలో బియ్యం నిండుకున్నాయి. మా అమ్మ కూడా గంజి కాచడం మొదలుపెట్టింది. బగో వైపు పల్లెల్లో బియ్యం ఉన్నాయని కబురు వచ్చింది. వాటిని తేగల బండి మా వీధిలో ఒక్కటే, పడవల పని చేసే సింహాచలం పాత పికప్పు. దానికి రెండు టాంకులు. దారిలో పెట్రోలు దొరకదు కనుక రెండూ పనిచేస్తేనే వెళ్ళి రాగలదు. అతను ఎలాగో పెట్రోలు కూడబెట్టి బయలుదేరాడు. ఊరు దాటకముందే బండి మొరాయించింది. వెనక్కి వచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. పక్కన అతని భార్య గవరమ్మ.

“ఏటో సూడండి చినబాబూ. ఎనక టాంకు మీద కొంత దూరం నడిసింది. ఆనక దగ్గి దగ్గి సచ్చింది. ముందు టాంకుకి తిప్పితే గుర్రంనాగ పరిగెట్టింది.”

“కాసేపు ఆగి మళ్ళీ వెనక టాంకుకి తిప్పావా?”

“తిప్పాను. నడిసింది, మళ్ళీ సచ్చింది. సెలెక్టర్ వాల్వ్ పోయిందంట. కొత్తది దొరుకుద్దా?”

“ఈ దేశంలోనా?” అన్నాను.

గవరమ్మ నవ్వింది. “పడవలకి గుగ్గిలం పూసుకునేవోడికి బండెందుకని నానప్పుడే సెప్పాను. ఇన్నాడా?”

సెలెక్టర్ వాల్వ్ అంటే బండి కింద ఉండే చిన్న ద్వారపాలకుడు. డ్రైవరు మీట నొక్కితే ఒక టాంకు దారి మూసి, రెండో దాని దారి తెరుస్తుంది. నేను బండి కింద పడుకుని అతన్ని మీట నొక్కమన్నాను. వాల్వ్ టక్కుమంది. తీగకు టెస్ట్ లాంప్ పెడితే వెలిగింది, అంటే కరెంటు అందుతోంది. ఫ్యూయల్ పంపు నుంచి పైపు ఊడదీసి ఇంజిన్ తిప్పితే డబ్బాలోకి పెట్రోలు ధారగా వచ్చింది. దాన్ని చుక్క పోకుండా ముందు టాంకులో పోశాను.

చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. వాల్వ్ చెడితే మీట నొక్కగానే తెలుస్తుంది. ఈ జబ్బు నెమ్మదిగా ముదురుతోంది, విశ్రాంతి ఇస్తే తగ్గుతోంది.

“ఎప్పటి నుంచి ఇలా?”

“నిన్న టాంకు అంచుదాకా నింపినకాడినించి. సగం ఉన్నప్పుడు బాగానే నడిసేది.”

నాకు జవాబు దొరికింది. ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక టాంకుకి తిప్పి, యాక్సిలరేటర్ తొక్కి ఉంచమన్నాను. కాసేపటికి ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. అతను ముందు టాంకుకి తిప్పబోయాడు.

“మీట ముట్టుకోకు,” అని వెనక్కి వెళ్ళి టాంకు మూత తిప్పాను.

బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఇంజిన్ గొంతు సవరించుకుని సాఫీగా నడిచింది.

మూత తిరగేసి చూశాను. మధ్యలో గాలి పోవడానికి ఉండే సన్నటి చిల్లు గోధుమరంగు ముద్దతో మూసుకుపోయి ఉంది.

“ఇదేమిటి, సింహాచలం?”

“గుగ్గిలం బాబూ. వాన్నీళ్ళు దిగుతాయని, పెట్రోలు వాసనకి దొంగలొస్తారని పూసాను. మీ తాతగారి పడవలకి మా తాత పూసినదే. సుక్క దిగదు, సుక్క పోదు.”

“పడవ మునగకూడదు కాబట్టి చిల్లు మూయాలి. టాంకు నుంచి పెట్రోలు బయటికి రావాలంటే లోపలికి గాలి పోవాలి. నిండా ఉన్న టాంకులో ఉండే గాలే తక్కువ, అది పలచబడి పెట్రోలును వెనక్కి లాగింది, అందుకే తొందరగా ఆగింది. ఆపినప్పుడల్లా మూత అంచునుంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడిచింది. దొంగల సంగతి కాపలావాళ్ళం చూసుకుంటాం.”

సూది కాల్చి చిల్లు తెరిచాను. వాన పడకుండా దాని మీద రేకుతో చిన్న గొడుగు అతికించాను.

మర్నాడు పొద్దున్నే బండి వెళ్ళింది. దారిలో ఏమవుతుందోనని వీధంతా వెదుళ్ళ దగ్గరే నిలబడింది. బండి గురించి నాకు బెంగ లేదు, దారి గురించే. పొద్దు వాలేవేళ హారన్ వినిపించింది. బస్తాలు దించి ఇంటింటికీ పంచారు. మా గుమ్మం ముందు గవరమ్మ మూట పట్టుకుని నిలబడింది.

“మాకు వద్దు. ముందు పిల్లలున్న ఇళ్ళకి ఇవ్వండి,” అన్నాను. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. మిల్లు పోయిన నాటి నుంచి మేము ఒకరిచ్చిన గింజ ఇంట్లోకి రానివ్వలేదు.

“అందరికీ ఇచ్చినాం. ఇది మీ వంతు, దానం కాదు,” అంది గవరమ్మ. నేను కదలలేదు. ఆమె మూటను ఇంకో భుజానికి మార్చుకుని, “టాంకుకి సెప్పిన మాట మనుసులకి వద్దా, సయా?” అంది.

ఆమె నన్ను చినబాబూ అనకుండా సయా అనడం అదే మొదలు. అమ్మ పక్కకు జరిగింది. నేను రెండో తలుపు కూడా తీశాను.

ఇప్పటికీ రెండు టాంకుల బండి ఏది వచ్చినా, వాల్వ్ జోలికి పోకముందే మూత తీసి చెవి పెట్టి వింటాను. లోపలికి ఏదీ రాకుండా బిగించుకున్నది బయటికి కూడా ఏమీ ఇవ్వదు.