మోకాలి కింది మూట

“ఏడిస్తే ఏడువు గానీ, ఆ మూట మళ్ళీ మోకాలి కింద పెట్టకు.”

“నీ చెయ్యి పడిపోను! మల్ల నా కండ్లకు కనవడకు.”

బస్టాండ్ల కలిసిన ఒకామె బస్సెక్కెటప్పుడు మేమనుకున్న ఆఖరి మాటలు గివి, మొదటిది ఆమెది, రెండోది నాది. ఆమె పేరేందో నాకు తెల్వదు.

అప్పటికి ఆపరేషన్ల నా మోకాలి చిప్ప మార్చి నెల దినాలయింది. కాలు సాపితే పానం పోతుండె. అందుకే ఇంట్ల నా కోడలు, నేను చెప్తుంటె గిది రాస్తున్న పిల్లనే, మోకాలి కింద మెత్త పెడుతుండె. మస్తు హాయిగ ఉంటుండె. ఆ దినం ఇబ్రహీంపట్నం బస్టాండ్ల మెత్త లేక, బెంచి మీద కాలు పెట్టి కింద బట్టల మూట పెట్టుకున్న. పక్కకున్న ఆంధ్రామె ఒక్కపారిగ ఆ మూట గుంజింది. కాలు సాగి, మోకాల్ల నిప్పులు వోసినట్టయింది.

“దొంగదానా!” అని బస్టాండంత ఇనవడెటట్టు ఒర్రిన.

“అరవకు. మా అమ్మాయి నాకూ ఇలాగే దిండు పెట్టింది. సుఖంగా ఉందని నేనూ తియ్యనివ్వలేదు” అనుకుంట ఆమె చీర పైకి జరిపింది. మోకాలి మీద నాకున్న అసువంటి కోత గీతనే. కాలు మాత్రం వంగినకాడ్నే ఉంది, ఎంత నొక్కినా సాగలె.

“నాకు చెప్పనీకి నువ్వేమన్న పెద్ద డాక్టరువా?”

“కాదు, కుంటిదాన్ని.”

ఇంటికొచ్చి మెత్త అవతల పారేసిన. కోడలు అలిగింది. రోజూ ఆ ఆంధ్రామెను తిట్టుకుంట, పండ్లు కొరుక్కుంట కాలు సాపిన. ఇప్పుడు సంతకు ఒక్కదాన్నే నడిచి పోతున్న. అయినా ఆమె మీద కోపం పోలె. చెప్పి తియ్యొచ్చు గద!

ఏం పిల్లా, కలం ఆపినవ్? మెత్త పెట్టింది నువ్వేనని రాసినవా, ఎగ్గొట్టినవా? మొదటికెళ్లి సదువు, ఇంట.