తూతెక్ కాదు

ఎత్తైన కొండల మీది అలిచూర్‌లో ఇరవై రెండేళ్లుగా సూదులు పొడుస్తున్న నర్సు బత్మాకాన్‌కు ఊళ్లో ఎవరి పొగరెంతో వాళ్ల రక్తపోటు కన్నా బాగా తెలుసు. అందరిలోకీ ఎక్కువ పొగరు ఎషింబెక్‌ది. కింది ఊళ్లవాడెవడైనా ఇక్కడి పల్చటి గాలికి తల తిరిగి కక్కుకుంటే, అంటే తూతెక్ తగిలితే, జడలబర్రె మీద కూర్చుని పగలబడి నవ్వేవాడు. తూతెక్ తగిలిన వాళ్లను జీపులో కిందికి దింపుతారు. అలా దిగడమంటే ఆయన దృష్టిలో నడిబజారులో బట్టలూడిపోవడమే.

అంతటివాడికి ఒక మధ్యాహ్నం ఊపిరాడలేదు. భార్య అనార్‌కుల్ దొడ్డిదారిన వచ్చి బత్మాకాన్‌ను పిలిచింది.

"తూతెక్కేమోనే అమ్మాయ్. ఆ మాట ఆయన ముందు అనకు, చస్తాడు."

"అనకపోయినా చచ్చేట్టే ఉన్నాడు గదా పిన్నీ."

రబ్బరు దిండులోని ఆక్సిజన్ ముక్కుకు పెడితే వేలి క్లిప్పు మీద అంకె తొంభై నాలుగుకెక్కింది. ఆ ఎత్తులో దుక్కల్లాంటి వాళ్లకే అంత రాదు. అయినా ముసలాయన మోకాళ్ల మీద నీలం మచ్చలు తేలుతున్నాయి. పైగా బత్మాకాన్‌ను ఎప్పుడో చచ్చిన తన గుర్రం పేరుతో పిలుస్తున్నాడు. ఆమె ఆయన చేతికున్న కట్టు విప్పింది. నాలుగు రోజుల కిందట గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ కోసుకున్న గాయం, పైన మందనుకుని రాసిన కొవ్వు, కింద చీము.

"గాలి నెత్తుట్లోకి చేరింది పిన్నీ. లోపలి కణాలే దాన్ని వాడుకోవట్లేదు. ఉన్న కాస్త గాలితో నెట్టుకురావడం పుట్టినప్పట్నుంచీ నేర్చినవే. ఈ చీము విషమెక్కి ఆ నేర్పంతా మరిచాయి. గాలి చాలట్లేదని గోల చేయడం కూడా చేతకావట్లేదు వాటికి."

మందు ఎక్కించి జీపు తెప్పించింది. ఎషింబెక్ మంచి చేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు.

"కిందికి దిగను."

బత్మాకాన్‌కు నిజంగా భయమేసింది. సాయంత్రానికి ఈ మనిషి ఉండడు.

"తూతెక్ కాదు బాబాయ్. నీది చీము. మగాళ్ల జబ్బు."

"రాసివ్వు."

రాసిచ్చింది. కాగితం టోపీలో దోపుకుని మహారాజులా జీపెక్కాడు.

దిగువనున్న ఖొరోగ్ ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేసి ప్రాణం నిలబెట్టారు. నలభై రోజులు కింది చిక్కటి గాలికి అలవాటుపడి తిరిగొచ్చాడు. జీపు దిగుతూనే కళ్లు తేలేసి, ఊరంతా చూస్తుండగా బత్మాకాన్ బూట్ల మీద కక్కాడు. అసలుసిసలు తూతెక్.

"చీము ఇంకా మిగిలుందేమో చూడమ్మా," అన్నాడు ఆశగా.

మనిషి బతికొచ్చాడన్న సంతోషంతో ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఉంది బాబాయ్, కాస్త మిగిలుంది," అని, ఆయన వేలికి క్లిప్పు పెట్టి, దాని మీద పడిపోయిన అంకె ఎవరికీ కనబడకుండా అరచేత్తో మూసింది.