బొగ్గుకుండ ఐవారు

మా పక్కింటి ఐవారు పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూశారు. రెండు నెలలుగా గుక్కెడు గంజి మింగడానికి నానా యాతన పడ్డ మనిషి, ఆఖరికి నిద్రలోనే పోయారని తెలియగానే ముందు నా గుండె తేలికపడింది. ఏడుపు తర్వాత వచ్చింది. తప్పో ఒప్పో, ఉన్నమాట చెబుతున్నాను.

కోయిలకుంట్ల బడిలో ఆయన సైన్సు చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. నాకు పాఠం మా వంటింట్లోనే జరిగింది. నాలుగేళ్ల కిందటి ఎండాకాలం, నాకు ఐదో నెల. బావి అడుగంటింది. నీళ్లు పచ్చగా, ఆకు కుళ్లిన కంపు. కాచినా ఆ కంపు పోయేది కాదు. గ్లాసు నోటిదాకా తెస్తే చాలు, వాంతి. అంతకుముందే ఒక కాన్పు పోగొట్టుకున్నదాన్ని. ఒంట్లో నీళ్లు నిలవకపోతే ఈ బిడ్డా దక్కదని ఆసుపత్రిలో చెప్పి పంపారు.

సంగతి విని ఐవారు ఇంటింటా కొబ్బరి చిప్పలు అడిగి తెచ్చారు. వాటిని కుండలో పెట్టి, మూతకు మట్టి మెత్తి కాల్చారు. ఎర్రగా కాలిన బొగ్గుకు నీటి ఆవిరి పట్టించి, నలగ్గొట్టి, కడిగి, అడుగున చిల్లి ఉన్న కుండలో ఇసుక మీద పోశారు. ఆ బొగ్గులో కంటికి కనబడని సందులు లెక్కలేనన్ని ఉంటాయనీ, రంగూ వాసనా వాటికి పట్టుకుంటాయనీ చెప్పారు. కింది కుండలోకి దిగిన నీళ్లను ముందు తానే వాసన చూశారు. ఎవరింట్లో నీళ్లిచ్చినా ఆయనకదే అలవాటు, ముందు ముక్కు, తర్వాత నోరు. మర్యాద తెలియని మనిషని మా అత్త సణిగేది.

"వాసన పోయినాది గానీ కంటికి కనబడని పురుగు పోల్యా. కాచి తాగమ్మా," అన్నారు.

తాగాను. నిలిచాయి. ఆ పూట నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంబరంలో మా అత్త కుండకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. గంగమ్మే ఇంటికొచ్చిందని రోజూ దండం. నెల తిరిగేసరికి మళ్లీ కంపు. బొగ్గు మార్చాలని ఐవారు వస్తే, పూజ చేసిన కుండలో చెయ్యి పెట్టనివ్వనంది. మూడు రోజులు అదే పట్టు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. ఆయన కోప్పడలేదు, సైన్సూ చెప్పలేదు. నాలుగోనాడు మా అరుగు మీద కూర్చున్నారు.

"వదినా, బొగ్గుకూ కడుపు నిండుతాది. గంగమ్మకు మాసిన చీర మార్చకుండా అట్లే ఉంచుతామా?"

మా అత్త తానే లేచి పాత బొగ్గు తీసేసింది. కొత్త బొగ్గు పోశాక కుండకు మళ్లీ పసుపు. ఆయన నవ్వారు. అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ బొగ్గు మార్చడం మా అత్త పనే అయింది.

ఆ బిడ్డకు ఇప్పుడు మూడేళ్లు నిండాయి. శుక్రవారం ఐవారిని సాగనంపి వచ్చి స్నానాలు చేశాం. పాప దాహమంది. మా అత్త గ్లాసు ఇస్తే రెండు చేతులా పట్టుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఐవారి తాతను చూసి నేర్చిన అలవాటు.

"బాగుండాయి అవ్వా," అని గటగటా తాగింది.

మా అత్త కళ్లు తుడుచుకుంటూ చూస్తూ ఉంది. మర్యాద సంగతి ఎత్తలేదు.