మెట్ల బావి మీద మొదటి బిందె

మీరు చదివిన చదువులో ఒక్క పేజీ అయినా మీ ఇల్లు దాటి ఇంకొకరికి పనికొచ్చిందా? పట్టాను గోడకు వేలాడదీసిన వారినీ, దాని మీద జీతం తెచ్చుకుంటున్న వారినీ కూడా అడుగుతున్నాను. నా చదువులో అలాంటి పేజీ ఒకటుంది. అది నాకు కరీంనగర్ కళాశాల గదిలో దొరకలేదు. చొప్పదండి వైపు ఒక పల్లెలో, మెట్ల బావి గట్టు మీద దొరికింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాలవి. జంతుశాస్త్రం పరీక్షలో నారికురుపు ప్రశ్న తప్పకుండా వచ్చేది. కురుపున్న కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు బావిలో చేరతాయి. కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవారి కాలిలోంచి మరుసటి ఏడు దారంలాంటి పురుగు బయటికొస్తుంది. మేం బాణం గుర్తులతో ఇదంతా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునేవాళ్లం.

మా లెక్చరర్ ఆ బొమ్మలను మెచ్చుకోలేదు. "మీ ఊర్లల్ల గీ కురుపుతోని మంచాన పడ్డోళ్లు లేరా? వాళ్లకు చెప్పకుంట నాకెందుకు చెప్తున్నరయ్యా? నాకు తెల్వదా?" అన్నారు. ఎండాకాలం సెలవుల్లో సంఘసేవా శిబిరం పెట్టించి, మమ్మల్ని ఆ పల్లెకు తీసుకుపోయారు.

మాకు రొట్టెలు చేసిపెట్టిన ఇంట్లో అత్తాకోడళ్లు ఉండేవారు. అత్త కాలికి కురుపు పగిలి నాలుగు రోజులే అయింది. మంటకు తాళలేక ఆమె రోజూ బావి మెట్లు దిగి, కాలు నీళ్లలో పెట్టుకుని కూర్చునేది. కోడలు ఆ నీళ్లే ముంచుకుని పోయేది. కోడలు కడుపుతో ఉంది. మా బొమ్మలోని బాణాలు నిజమైతే, వచ్చే ఎండాకాలం చంకలో పసిబిడ్డ ఉండగా ఆ పిల్ల మంచాన పడుతుంది.

మొదటి రోజు మేం దర్జాగా మైక్రోస్కోపు తెచ్చి బల్ల మీద పెట్టి, దాని కింద బావినీళ్ల చుక్క వేశాం. ఊరి పెద్దాయన ఒకరు కన్ను ఆనించి చూసి, ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"అబ్బో! గంత పెద్ద పురుగు మా బాయిల యాడుందయ్యా? గది మీ డబ్బల పురుగు. కరీంనగర్‌కెల్లి పట్కొచ్చిన్రు!"

ఊరంతా నవ్వింది. నేనేమో మూఢనమ్మకాలతో వాదించడానికి కత్తులు నూరుకుని వచ్చాను. తన కంటికి కనబడనిదాన్ని నమ్మనన్నాడాయన. హేతువాద సభల్లో నేను ఊరేగించే సూత్రం కూడా అదే!

లెక్చరర్ మైక్రోస్కోపు తీసేయించారు. గాజు గ్లాసుతో బావినీళ్లు ముంచి ఎండకెత్తి పట్టుకున్నారు. కోడలు దగ్గరికొచ్చి చూసింది. "సన్నగ ఎగురుతున్నయ్ సార్, నూకల పిండోలె" అంది. పాత చీర గుడ్డను మడతలు వేసి అవే నీళ్లు వడబోశారు. గ్లాసులో ఇక కదిలేదేమీ లేదు. "గివి తాగుతున్నమా మేము?" అంటూ ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది.

గుడ్డ ఒక్కటే చాలదు. కాలు బావిలోకి దిగకూడదు. అందుకని గట్టు మీద గుంజలు పాతి గిరక కట్టాం. మర్నాడు పొద్దున తాడు, మాతో శిబిరానికొచ్చిన నా మిత్రుడి చేతిలో ఉంది. అతను ఆదిలాబాద్ జిల్లా బొగ్గుగనుల కాలనీలో పెరిగినవాడు. అక్కడ వాళ్ల ఇళ్ల వరుసలో అన్ని కులాలకూ ఒకటే నల్లా.

"ఏమోళ్లు బిడ్డా మీరు?" అని పెద్దాయన అడిగాడు.

"మాదిగోళ్లం పెద్దయ్యా."

బిందెలు వెనక్కి జరిగాయి. నేను ఉపన్యాసానికి నోరు తెరిచాను. ఆగమని లెక్చరర్ కళ్లతోనే చెప్పారు. అత్త లేచి, కుంటుకుంటూ మెట్ల వైపు నడిచింది.

"అత్తా, యాడికి?"

"యాడికేందే? కాలు మండుతుంది. దిగుత."

"నువ్వు దిగితె గా నీళ్లు నేనే తాగాలె. పుట్టినదాన్ని ఎత్తుకోనీకి నాకు కాళ్లుండొద్దా?"

"మరి వీని చేతి నీళ్లు తాగుతవా? కులం పోతది!"

"పోతె పోనీ. కాలుంటది గద."

ఆమె బిందె తెచ్చి నా మిత్రుడి ముందు పెట్టింది. "పొయ్యన్నా."

అతను నీళ్లు చేది గబగబా వంచాడు. బిందెలో కన్నా గట్టు మీదే ఎక్కువ నీళ్లు పడ్డాయి. "గింత సదువుకున్నవ్, నీళ్లు పోసుడు రాదా?" అందామె. అందరికన్నా ముందు నవ్వింది అత్తే. గొణుగుతూనే వచ్చి గట్టుకు దూరంగా కూలబడి, కాలు చాపింది. "పొయ్‌రా పొయ్. జర మెల్లగ. ముసల్దాన్ని సంపకు."

అందరూ రాలేదు. పెద్దాయన మేం ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లు ముట్టలేదు. వచ్చినవాళ్లు మాత్రం మేం పోయాక కూడా గిరకను వదల్లేదని తర్వాత తెలిసింది. మరుసటి ఎండాకాలం మళ్లీ వెళ్లినప్పుడు, కోడలు బిడ్డను చంకనేసుకుని మాకు ఎదురొచ్చింది. ఆమె నడకలో కుంటు లేదు. నా మిత్రుణ్ణి చూడగానే బిడ్డను అతని చేతుల్లో పెట్టి, "మామను జూడే" అంది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మమ్మల్ని తరగతి గదిలోంచి బయటికి లాక్కొచ్చిన లెక్చరర్‌కు నేను కృతజ్ఞుణ్ణి. అన్ని కళ్లు తనమీదే ఉన్నా తాడు వదలని మిత్రుడికి కృతజ్ఞుణ్ణి. ఆ అమ్మాయికి అందరికన్నా ఎక్కువ. మేం కాగితం మీద గీసిన బాణాన్ని ఆమె తన బిందెతో ఆపింది.

మీ ఊళ్లోనూ బావి ఉంది. దాని మీద ఎవరిని చెయ్యి వేయనివ్వరో మీకు తెలుసు. రేపు పొద్దున వెళ్లండి. తాడు అతని చేతికివ్వండి. ఊరంతా చూస్తుండగా మొదటి బిందె మీరు పెట్టండి.