తాళం వేసిన ఇంటి బీపీ

2024 ఫిబ్రవరి. పాలమూరులో కొత్తగా వచ్చిన ఒక మెడికల్ కాలేజీలో, పేరెందుకు లెండి, నేను కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పేదాన్ని. దాంతోపాటు కరికులమ్ కమిటీ కార్యదర్శిని కూడా. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో, విద్యార్థికి అది వచ్చిందని ఎలా తేల్చాలో చూసే కమిటీ అది. టైంటేబుల్ నా చేతిపనే. గళ్లకు రంగులు వేసి గోడకు అంటించి మురిసిపోయాను కూడా.

అందులో ఫ్యామిలీ అడాప్షన్ అని ఒకటుంది. ఒక్కో ఎంబీబీఎస్ విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూస్తుండాలి. చూసింది లాగ్‌బుక్‌లో రాస్తే మేం సంతకం పెడతాం. సంతకాలు లేకపోతే పరీక్ష రాయనివ్వరు.

గద్వాల అమ్మాయి స్రవంతి లాగ్‌బుక్‌లో మాత్రం ప్రతి పేజీలో ఒకటే మాట, "ఇంటికి తాళం." నాకు ఒళ్లు మండింది.

"అందరికీ దొరికిన మనుషులు నీకొక్కదానికే దొరకలేదా?"

"నాలుగుసార్లు పోయిన మేడం. తాళమే ఉన్నది. చూడని బీపీ ఎట్ల రాయాలె?"

ఏడాది పోతుందన్న భయంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను కరగలేదు. సంగతేమిటో తేలుద్దామని మర్నాడు తనను వెంటబెట్టుకుని తెలకపల్లి వైపు మా పిల్లలకు దత్తతకిచ్చిన ఊరికి బయల్దేరాను.

వాడంతా తాళాలే. బట్టలుతుకుతున్న ఒకామె మమ్మల్ని చూసి నవ్వింది. "గిప్పుడొస్తె ఎవరుంటరు మేడం? అందరు పుణెకు పనికి పోయిండ్రు. వానలు వడ్డంక వస్తరు, అప్పుడు రాండ్రి."

పక్కనే ఎల్లమ్మ ఇల్లు. అది ఇంకో విద్యార్థికి ఇచ్చిన ఇల్లు. దానికీ తాళమే.

"ఈమె ఎప్పుడు పోయింది?"

"రెండు నెలలాయె."

ఆ ఎల్లమ్మ బీపీ 120/80 అని జనవరి తేదీతో రాసిన పేజీ మీద పోయినవారమే నేను సంతకం పెట్టాను. నిజం రాసిన పిల్లను నిలదీసి, కల్పించి రాసినవాళ్లను గట్టెక్కించింది నేనే.

కమిటీలో దాచకుండా చెప్పాను. "పిల్లలకంటే ముందు తప్పు నాది సార్. ఊరు ఖాళీ అయ్యే నెలల్లో ఊరికి పొమ్మన్నాను."

ప్రిన్సిపాల్ గారు కోప్పడలేదు. "జర ఊరోళ్లను అడిగి టైంటేబుల్ రాయకపోతివా అమ్మా," అన్నారంతే. విజిట్లన్నీ జూలైకి మార్చాం. అందరూ మళ్లీ వెళ్లాల్సిందే. స్రవంతికి గడువు దొరికింది.

జూలైలో వాడ మళ్లీ కళకళలాడింది. ఎల్లమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి చూస్తే 180/110. మళ్లీ చూసినా అంతే.

"నీకు బీపీ ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా అమ్మా?"

"ఎవరన్న చూస్తె గద మేడం, చెప్పేది!"

ఆమెను ఆ పూటే దవాఖానకు పంపించాను. సాయంత్రం కాలేజీకి తిరిగొచ్చి స్రవంతి లాగ్‌బుక్ తెరిచాను. "ఇంటికి తాళం" అని ఉన్న ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో చదివి మరీ పెట్టిన సంతకాలు బహుశా అవే మొదటివి.