వీడియోలోని చందువ కోసం సముద్రం దాకా

ఆ వీడియో నిడివి నలభై సెకన్లు. నేను చూసింది పదకొండు సార్లు. ఎర్రగా వేగిన చందువ చేపను ఒక అమ్మాయి రెండు చేతులా పట్టుకుని కొరుకుతుంది. వెనకాల సముద్రం, కింద పెద్ద అక్షరాల్లో ‘వలలోంచి నేరుగా పళ్ళెంలోకి’ అని. శ్రీకాకుళం దగ్గర తీరంలో కొత్తగా వెలిసిన ఒక పాక హోటలువాళ్ళు డబ్బిచ్చి చేయించుకున్న ప్రకటన అది. రాజాంలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ఆ వీడియో చేరని ఫోను లేదు. ఏప్రిల్ చివర్లో ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చిన శ్రావణి, మేరీ ప్రశ్నపత్రం ఊసే ఎత్తకుండా “మేడమ్, చందువకి పోదామా?” అన్నారు. వాళ్ళ గదిలోనే ఉండే ధనలక్ష్మి మాత్రం “ఇప్పుడు చేపలు ఉండవేమో” అని నసిగింది. “వీడియోలో ఉన్నాది కదే, ఏటి నీ గోల?” అని శ్రావణి కొట్టిపారేసింది. తిండి విషయంలో నేను ఆ పిల్లలకంటే చిన్నపిల్లని. నేనూ కొట్టిపారేశాను.

మర్నాడు ఉదయం ఆరుంబావుకి రాజాంలో శ్రీకాకుళం బస్సెక్కాం. చిలకపాలెం మీదుగా గంటన్నర ప్రయాణం, మనిషికి నలభై ఐదు రూపాయలు. కిటికీ పక్క సీటు కోసం నేనూ మేరీ కొట్టుకున్నంత పని చేశాం. దారంతా తిండి కబుర్లే. ఏ కొట్లో చీజు ఎంత పొడవు సాగుతుంది, ఏ రోల్ ఎర్రగా ఉంటుంది, వాళ్ళకి అన్నీ తెలుసు. ఏది రుచిగా ఉంటుందని అడిగితే మాత్రం ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. శ్రీకాకుళం బస్సుల కాంప్లెక్సు బయట బండి మీద ఇడ్లీలు పొగలు కక్కుతున్నా, ఆకలి చందువకే దాచుకోవాలని ఎవరం ముట్టుకోలేదు.

అక్కడి నుంచి ఆటో. రానూపోనూ, మధ్యలో ఆగడం కలిపి ఏడు వందలకి అప్పలనాయుడు అనే డ్రైవరు ఒప్పుకున్నాడు. గార దాటి సముద్రం వైపు తిరగ్గానే ఉప్పుగాలి మొహానికి తగిలింది, మేరీ కేకేసింది, నేనూ కేకేశాను. ఇంత సంతోషంగా ఉంటే అప్పలనాయుడు నీళ్ళు చల్లాడు. “సేపలకా ఎల్తన్నారు? ఏట మూసేసినారు కదమ్మా. సేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెల్లు మోటారు పడవలు దించనివ్వరు.”

“మరి ఆ వీడియో?” అన్నాను.

“అది ఏ నెల్లో తీసినారో నాకేటి తెలుస్తాది?” అన్నాడు.

నిజమే. పదకొండు సార్లు చూసిన నాకు అది ఏ నెలదో అని ఒక్కసారీ తట్టలేదు. ధనలక్ష్మి చున్నీ తల మీదికి లాక్కుని బయటికి చూస్తూ కూర్చుంది. ఎండ అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి చేరాం. పడవలన్నీ ఇసకలో బోర్లించి ఉన్నాయి, మగవాళ్ళు నీడలో వలలు బాగుచేసుకుంటున్నారు. అలలు చూసి ముగ్గురమూ చెప్పులు విసిరేసి పరిగెత్తాం. ధనలక్ష్మి రాలేదు. హోటల్లో చందువ ఉంది, ఐసుపెట్టెలోది, ఎక్కడి నుంచో లారీలో వచ్చినది. ఆ మాట హోటలతనే చెప్పాడు, పాపం, ఏమీ దాచలేదు. పళ్ళెం మూడు వందల యాభై. ఇంతదూరం వచ్చాం కదా అని రెండు చెప్పాం. వచ్చింది, అచ్చం వీడియోలోలాగే ఎర్రగా. శ్రావణి కొరుకుతూ ఉంటే మేరీ వీడియో తీసింది, బాగా రాలేదని ఇది మళ్ళీ కొరికింది, అది మళ్ళీ తీసింది. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. పిండి, రంగు, కారం తగిలాయి. చేప ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా “సూపర్!” అన్నాను. సిగ్గులేని నోరు నాది.

అప్పుడే నెత్తిన గంపతో ఒకావిడ పాకలోకి వచ్చింది. ఎండుచేపలు అమ్మే నూకమ్మ అని హోటలతను చెప్పాడు. గంప దించి మా వంక చూసి నవ్వింది. “ఏటే పిల్లా, సేపని ఫోనుకే సూపిస్తన్నావు, నోటికెప్పుడు సూపిస్తావు?” అని శ్రావణిని అడిగింది. “నువ్వేటే, సీపురు ఈనిలాగ ఉన్నావు, తిండి తినవా?” అని మేరీని ఆటపట్టించింది. “నువ్వు టీచరమ్మవా? పిల్లలకంటే నువ్వే బాగా తింతన్నావు” అని నన్నూ వదల్లేదు. ధనలక్ష్మి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. “మీరు తినండమ్మా” అంది. లోకమంతటినీ నువ్వు అనే మనిషి ఈ ఒక్క పిల్లను మీరు అనడమేమిటా అని నాకు వింతగా తోచింది.

వెళ్ళబోతూ నూకమ్మ “ఓ సెయ్యెయ్యండే” అంది. నిండు గంపను ఒక్కరే నెత్తికెత్తుకోలేరు, రెండో మనిషి ఉండాలి. శ్రావణి, మేరీ చెరోవైపు పట్టుకుని లేపబోతే గంప ఒరిగింది, ఎండు నెత్తళ్ళు సగం ఇసకలో పడ్డాయి. ధనలక్ష్మి లేచింది. వాళ్ళిద్దర్నీ పక్కకి తోసింది. నూకమ్మ భుజం మీది గుడ్డ లాగి, రెండు మెలికల్లో చుట్టకుదురు చేసి ఆవిడ నెత్తిన పెట్టింది. మోకాలు వంచి, గంపని తన తొడ మీదికి ఎక్కించుకుని, అక్కణ్ణుంచి ఒక్క ఊపులో ఆవిడ తల మీద ఆనించింది. రెప్పపాటులో అయిపోయింది.

“ఒసే, నీకిదెలా వచ్చిందే?” అంది శ్రావణి.

ధనలక్ష్మి చేతులింకా గంప మీదే ఉన్నాయి. “ఈవిడ మాయమ్మే” అంది.

నూకమ్మ అదిరిపడింది. “ఎందుకు సెప్పినావే? సదువుకున్న పిల్లలు నవ్వరా?”

ఎవరూ నవ్వలేదు. శ్రావణి మెల్లగా “హాస్టల్లో ఆ పొట్లం నీదా?” అని అడిగింది. ధనలక్ష్మి తలూపింది. మొదటి ఏడాది వాళ్ళ హాస్టలు గదిలో ఎండుచేపల పొట్లం ఒకటి కనిపించింది. శ్రావణి ముక్కు మూసుకుని మూర్ఛపోతున్నట్టు నటించి దాన్ని వీడియో తీసి నెట్లో పెట్టింది. పొట్లం నాదని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ధనలక్ష్మి మాది శ్రీకాకుళం టౌను అని చెప్పుకుంది, ఏమీ పంపొద్దని, హాస్టలుకి రావొద్దని తల్లికి చెప్పింది. మూడేళ్ళు వాళ్ళతోపాటు ఫోనులో చూసిన రోల్సే తింది. “నాకవి ఎప్పుడూ నచ్చలేదే” అని ఏడుస్తూ చెప్పింది. శ్రావణి కూడా ఏడ్చి, ఇసకలో పడిన నెత్తళ్ళు ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ కిందికి దించిన గంపలో వేసింది.

ఇంక మమ్మల్ని ఆపేదెవరు! సగం తిన్న చందువని అక్కడే వదిలి నూకమ్మ ఇంటికి నడిచాం. పొద్దున్న మోటారు లేని తెప్పవాడు ఒకడు ఇచ్చిన నాలుగు చిన్న చేపలతో పులుసు పెట్టింది. వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి చింతపండుతో దగ్గరగా ఉడికించింది. వేడన్నంలో ఆ కూర కలుపుకుని మొదటి ముద్ద తిన్నాక ‘సూపర్’ అనడం మరిచి రెండో ముద్ద పెట్టుకున్నాను. శ్రావణి మూడుసార్లు వడ్డించుకుంది. వీడియో తీసుకోనా అని భయపడుతూ అడిగితే నూకమ్మ “ఉండే, మంచి సీర కట్టుకొస్తాను” అని లోపలికి పరిగెత్తింది. పసుప్పచ్చ చీరలో వచ్చి ఫోనులోకి గట్టిగా చెప్పింది: “ఇప్పుడు రాకండి బాబూ, ఏట మూసినారు. జూను నెల సగం దాటాక రండి. ఇది నా కూతురు, ఇది నా నెత్తళ్ళ కూర.” ఇంతకంటే నిజాయితీగల ప్రకటన నేనింతవరకూ చూడలేదు.

మూడింటికి ఆటో ఎక్కాం. ధనలక్ష్మి మాతో రాలేదు, సెలవులకి ఉండిపోయింది. మూడేళ్ళలో సెలవులు ఇంట్లో గడపడం అదే మొదటిసారట. తిరుగు బస్సులో పిల్లలిద్దరూ నిద్రపోతే నేను ఫోను తీసి ఆ పాత పొట్లం వీడియో వెతికాను. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి, వాటిలో ఒకటి నేను పెట్టింది. ఎప్పుడు నొక్కానో కూడా గుర్తులేదు. ఒక పిల్ల మూడేళ్ళపాటు ఏం తినాలో, ఏం తినకూడదో తేల్చిన నవ్వుల్లో నాదీ ఉంది. ఆ పిల్లకి నేను రోజూ పాఠం చెప్పాను. దానికి సిగ్గుపడుతున్నాను. అయినా ఆ కూర రుచి తలుచుకుంటే ఇప్పటికీ గంతెయ్యాలనిపిస్తుంది, రెండూ నిజమే.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. చేపల కోసమైతే ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా వద్దు. ఏ నెలలోనైనా సరే, వీడియో చూసి బయల్దేరే ముందు ఆ ఊరి మనిషిని ఒకసారి అడగండి. అలాంటివాళ్ళు ఎవరూ తెలియదంటారా, మీ పక్క సీట్లో తల మీద చున్నీ కప్పుకుని ఎవరైనా కూర్చున్నారేమో చూడండి.